చక్ బెర్రీ 'గ్రేటెస్ట్ హిట్స్': పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రాక్ అండ్ రోల్ తొలి తరంలో తన పాట తనే రాసుకుని, గిటార్ తనే వాయించుకుంటూ పాడినవాళ్ళలో చక్ బెర్రీ ముందు వరసలో ఉంటారు. 1926 అక్టోబరు 18న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టారు. 1955లో షికాగోలోని చెస్ రికార్డ్స్‌లో తొలి పాట రికార్డు చేశారు. 2017 మార్చి 18న కన్నుమూశారు. ఆయన మేటి పాటల సంకలనాలు కొనేటప్పుడు, వినేటప్పుడు ఎదురయ్యే చిక్కుల మీద చెన్నై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ఫోన్‌లో చక్ బెర్రీ 'గ్రేటెస్ట్ హిట్స్' అని వెతికితే లెక్కలేనన్ని ఆల్బమ్‌లు వస్తున్నాయి. ఒకదాంట్లో 'జానీ బి. గుడ్' పెట్టి మా మామయ్యకు వినిపిస్తే "గొంతు ఆయనదే గానీ, మేం విన్న పాట ఇది కాదమ్మా" అన్నారు. అసలుది ఏదో ఎలా తెలుసుకోవాలి? — ఒక పాఠకురాలు, టి.నగర్

జవాబు: మీ మామయ్యగారి చెవి సరిగ్గానే పట్టింది. చక్ బెర్రీ 1966లో చెస్ కంపెనీ వదిలి మెర్క్యురీ కంపెనీకి వెళ్ళారు. పాత పాటల మాస్టర్ టేపులు చెస్ దగ్గరే ఉండిపోయాయి. కొత్త కంపెనీకి ఆ పాటలు తమ పేరు మీద అమ్ముకోవాలని ఉంటుంది కదా, అందుకని ఆయన చేతే మళ్ళీ పాడించి, వాయింపించి 1967లో 'గోల్డెన్ హిట్స్' అనే ఎల్పీ తెచ్చారు. గొంతు ఆయనదే, గిటార్ ఆయనదే. కానీ పక్కన వాయించినవాళ్ళు వేరు, గది వేరు, ఊపు వేరు. మీకు తగిలింది ఈ రెండో సారి రికార్డు చేసిన పాటే అయ్యుండాలి. ఇది ఒక్క చక్ బెర్రీకి జరిగింది కాదు. లిటిల్ రిచర్డ్, జెర్రీ లీ లూయిస్ కూడా 1960ల మధ్యలో కంపెనీ మారినప్పుడు తమ పాత హిట్లను మళ్ళీ పాడారు. అందువల్ల ఆ తరం గాయకుల ఏ సంకలనానికైనా ఈ జాగ్రత్త అవసరమే.

గుర్తుపట్టడానికి ముందు పాటల పట్టిక చూడండి. అందులో 'క్లబ్ నిట్టీ గ్రిట్టీ' ఉంటే అది మెర్క్యురీ ఎల్పీ. 'రీ-రికార్డెడ్' అనో 'లైవ్' అనో చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. పాట పక్కన కనిపించే సంవత్సరాన్ని మాత్రం నమ్మొద్దు, చాలాసార్లు అది ఆ ఆల్బమ్‌ను యాప్‌లో పెట్టిన ఏడాదే. ఇక చెవి పరీక్ష. 1955–58 మధ్య పాటలో గిటార్ ఒక చెవిలో, పియానో ఇంకో చెవిలో విడివిడిగా వినిపిస్తే అనుమానించాల్సిందే. ఆ నాటి చెస్ హిట్లు మనకు మోనోలోనే, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దంగానే అందాయి. అసలు 'జానీ బి. గుడ్'లో లఫాయెట్ లీక్ వాయించిన పియానో పై స్థాయిలో గలగలమంటూ పాట పొడుగునా ఆగకుండా పరుగెడుతుంది. అది విన్నాక మరో రికార్డింగు వింటే తేడా పది సెకన్లలో తెలిసిపోతుంది.

రికార్డింగు అసలుదే అయినా సంకలనం నాసిగా ఉండడం ఇంకో చిక్కు. ఐరోపాలో 1963కు ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కుల గడువు తీరిపోయింది. అందుకని అక్కడ ఎవరైనా వాటిని సీడీగానో యాప్‌లోనో అమ్మొచ్చు. మన దేశంలో రికార్డింగుల గడువు 60 ఏళ్ళు. ఇలాంటి చవక సంకలనాలను పట్టిచ్చే ఆనవాలు ఒకటుంది, పాటలన్నీ 1962 దగ్గర ఆగిపోతాయి. 1964 నాటి 'నడీన్', 'నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో' ఉండవు. వీటిలో చాలావాటికి మాస్టర్ టేపు ఆధారం కాదు, ఏదో పాత ఎల్పీనో సీడీనో ఎక్కించి, చిటపటలు పోవాలని గట్టిగా వడపోస్తారు. చిటపటలతో పాటు తాళాల మెరుపు, గిటార్ మీటు అంచు కూడా కొట్టుకుపోతాయి.

ఒక్కటే కొనాలంటే 1982లో చెస్ పేరుతో వచ్చిన 'ది గ్రేట్ ట్వెంటీ-ఎయిట్' వెతకండి. రెండు ఎల్పీలు, 28 పాటలు. 'మేబెలీన్'తో మొదలై 1965 దాకా దాదాపు కాలక్రమంలోనే సాగుతుంది. అన్నీ చెస్ రికార్డింగులే. దీంట్లో లోటు ఒకటుంది, 1964 నాటి 'యూ నెవర్ కెన్ టెల్', 'ప్రామిస్డ్ ల్యాండ్' రెండూ లేవు. ఆయన పాటల రచనలో అంత గొప్పవి వదిలేయడం మాకైతే మింగుడు పడదు. ఫోన్‌లో వినేవాళ్ళు 'నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో' తర్వాత వాటిని చేర్చుకోండి. అమెరికా పాప్ పట్టికలో ఆయనకు దక్కిన ఒకే ఒక్క మొదటి స్థానం 1972 నాటి 'మై డింగ్-ఎ-లింగ్'ది. అది ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జనం ముందు రికార్డు చేసిన సరదా పాట. అది లేనందుకు ఈ సంకలనానికి వచ్చిన నష్టం లేదు.

ప్రశ్న: ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నాను. ఈ పాటలు పెడితే శబ్దమంతా తల మధ్యలోంచే వస్తోంది. హెడ్‌ఫోన్‌లో లోపమా? — ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: లోపం లేదు. మోనో రికార్డింగు రెండు చెవులకూ ఒకే శబ్దం పంపుతుంది, మెదడు దాన్ని నడినెత్తిన నిలబెడుతుంది. మోనోకు హెడ్‌ఫోన్ కంటే స్పీకరే మేలు. అదీ ఒక్కటే చాలు. రెండు స్పీకర్లుంటే ఒకటి ఆపేసి, రెండోదాన్ని మీకు ఎదురుగా, చెవి ఎత్తులో, గోడకు ఒక అడుగు ఎడంగా పెట్టండి. రెండూ మోగుతుంటే మీరు కాస్త పక్కకు జరిగినా పై స్థాయి శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఫైలు నిజంగా మోనోనా కాదా తేల్చుకోవాలంటే కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. సీడీ నుంచి ఎక్కించుకున్న పాట తెరవండి. 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' నొక్కి రెండు ట్రాకులు చేయండి. ఒకదాన్ని ఎంచుకుని 'ఇన్వర్ట్' చేయండి. రెండూ కలిపి మోగించండి. అసలైన మోనో అయితే నిశ్శబ్దం, లేదా ఎమ్పీ3 కుదింపు వల్ల మిగిలిన సన్నటి చప్పుడు మాత్రమే ఉంటుంది. గొంతుకు ప్రతిధ్వని లాంటిది మిగిలిందంటే ఎవరో మోనో పాటకు దొంగ స్టీరియో పులిమారన్నమాట. పాత ఎల్పీల మీద 'ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్ ఫర్ స్టీరియో' అని ఉండేది దీని గురించే. కింది స్థాయిని ఒక వైపుకు, పై స్థాయిని ఇంకో వైపుకు తోసి, ఒక్కోసారి ఒక వైపును రవంత ఆలస్యం చేసేవారు. అలాంటిదాన్ని రెండు వైపులూ కలిపి మోనో చేస్తే ఇంకా చెడుతుంది. రెంటిలో నయంగా వినిపించే వైపు ఒక్కటే ఉంచుకుని వినండి.

ప్రశ్న: నేను వీణ నేర్పుతాను. మా మనవడు ఈ సంకలనం పెట్టాడు. మొదటి ఐదు పాటలు విన్నాక అన్నీ ఒకేలా ఉన్నాయనిపించింది. ఇందులో వినవలసింది ఏమిటో, తాళం ఎలా పట్టాలో చెప్పగలరా? — ఒక పాఠకురాలు, మైలాపూర్

జవాబు: అన్నీ ఒకేలా అనిపించడానికి కారణం ఉందమ్మా. వీటిలో చాలా పాటల ఎముకల గూడు ఒక్కటే. దాన్ని పన్నెండు బార్ల బ్లూస్ అంటారు. బార్‌కు 4 దెబ్బలు, 12 బార్లకు 48. గూడు ఒక్కటైనప్పుడు చెవి దాని మీద అల్లినదాని వైపు వెళ్ళాలి. మీకు ఆది తాళం చేతిలో ఉంది కాబట్టి ఈ గూడు పట్టడం తేలిక.

'జానీ బి. గుడ్' పెట్టండి. దెబ్బలు నిమిషానికి దాదాపు 168 పడతాయి. అంత జోరుగా చెయ్యి ఆడించక్కర్లేదు, రెండు దెబ్బలకు ఒక క్రియ చొప్పున ఆది తాళం వేయండి. మూడు ఆవర్తనాలకు ఒక చుట్టు ముగుస్తుంది. మొదటి ఆవర్తనమంతా వాద్యాలు షడ్జం మీదే నిలుస్తాయి, అంటే స-గ-ప కలిపి మోగుతుంటాయి. గాంధారం శంకరాభరణంలోని అంతర గాంధారమే. రెండో ఆవర్తనంలో లఘువు నాలుగు క్రియలూ మధ్యమం ఆధారంగా మ-ద-స. ద్రుతాలు రెండింటిలో మళ్ళీ షడ్జం. మూడో ఆవర్తనం లఘువులో పంచమం ఆధారంగా ప-ని-రి. కొన్ని పాటల్లో లఘువు సగమయ్యాక మధ్యమానికి దిగి వస్తారు. ద్రుతాల్లో షడ్జానికి చేరి ముగిస్తారు. 24 క్రియలు, సుమారు 17 సెకన్లు. పాటంతా ఈ చుట్టే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. చరణమూ ఇదే, పల్లవీ ఇదే, మధ్యలో గిటార్ ఒంటరిగా వాయించేదీ ఇదే.

పొరపాటు జరిగేది ఆరంభంలో. గిటార్ ముందు ఒంటరిగా మొదలవుతుంది, సమం ఎక్కడో తెలియదు. అక్కడ లెక్క పెట్టకండి. గొంతు వచ్చాక బేస్, పియానో మధ్యమానికి మారే చోటు కోసం కాచుకోండి. అదే రెండో ఆవర్తనం సమం. ఒకసారి అది దొరికితే ఇక తప్పదు.

ఇప్పుడు పైన అల్లిక. గిటార్ కింది తీగల మీద స-ప, స-ద, స-ప, స-ద అని పంచమ, చతుశ్రుతి ధైవతాల మధ్య ఊగుతుంటుంది. ఇది పియానో వాద్యకారుల ఎడమ చెయ్యి పని. చక్ బెర్రీ దాన్ని గిటార్ మీదికి తెచ్చారు. పై తీగల మీద రెండు తీగలు కలిపి మీటుతూ కింద నుంచి పైకి జారుతారు, మీరు జారు అనేదే. తీగను పక్కకు లాగి సాధారణ గాంధారాన్ని అంతర గాంధారం వైపు, మధ్యమాన్ని పంచమం వైపు ఎక్కిస్తారు. వీణ మీద మీ వేళ్ళు చేసే పనే ఇది. పైగా కైశికి నిషాదం ధారాళంగా పడుతుంది. అంటే కింద శంకరాభరణం పోలిన ఆధారం, పైన సాధారణ గాంధార, కైశికి నిషాదాలు. ఆ రాపిడిలోనే బ్లూస్ రుచి అంతా ఉంది. అపస్వరం అనుకుని చెవి మూసుకుంటే అసలు విషయమే పోతుంది.

ఇంకొకటి, లయ తెలిసినవారికే వినిపించేది. 'జానీ బి. గుడ్'లో డ్రమ్ వాయించిన ఫ్రెడ్ బిలో జాజ్ నడక తెలిసిన మనిషి. ఆయన చెయ్యి ప్రతి దెబ్బనూ మూడుగా విడగొట్టి మొదటి రెండూ కలిపేస్తూ తిస్రం వైపు ఒరుగుతుంది. చక్ బెర్రీ గిటార్ అదే దెబ్బను రెండు సమభాగాలు చేసి చతురస్రంలో దూసుకుపోతుంది. రెండు నడకలు ఒకే దెబ్బ మీద ఒరుసుకుంటాయి. కాలు ఊరికే కదలడానికి కారణం అదే. మొదటి సారి డ్రమ్ పళ్ళెం మీద మాత్రమే చెవి పెట్టండి, రెండో సారి గిటార్ మీద మాత్రమే, మూడో సారి రెండూ కలిపి. తర్వాత తరం బృందాలు ఈ పాట వాయించినప్పుడు చాలామంది అందరూ చతురస్రంలోకి వచ్చేశారు. అక్కడ ఆ ఒరిపిడి ఉండదు.

ఆ తర్వాత 1957 నాటి 'స్కూల్ డే' వినండి. గొంతు ఒక పాదం పాడగానే గిటార్ దానికి బదులు చెబుతుంది, కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరించినట్టు. 1964 నాటి 'నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో'కు అదే వరస వాడి కొత్త మాటలు కట్టారు. 'మెంఫిస్, టెన్నెసీ' మాత్రం ఈ గూటిలో ఇమడదు. 1959లో విడుదలైన ఆ పాటను ఆయన తన ఇంట్లోనే రికార్డు చేసుకున్నారు. తీరిగ్గా నడుస్తుంది. పాటలోని మనిషి టెలిఫోన్ ఆపరేటర్‌ను 'మరీ' అనే ఆమెకు లైను కలపమని బతిమాలుతుంటాడు. ప్రేయసి కోసం అనుకుంటాం. చివరి చరణంలో ఆ మరీ ఆరేళ్ళ కూతురని తెలుస్తుంది. మాటలు అర్థం చేసుకుంటూ ఒక్కసారైనా వినండి. విడిపోయిన తండ్రి బాధను రెండు నిమిషాల చిల్లరలో ఇంత పొదుపుగా చెప్పిన పాట రాక్ అండ్ రోల్‌లో అరుదు.

మీ తంబురా పెట్టె ఆరున్నర కట్టైకి (బి-ఫ్లాట్ శ్రుతికి) పెట్టుకుంటే 'జానీ బి. గుడ్'కు సరిపోతుంది. 'రోల్ ఓవర్ బీథోవెన్'కు రెండున్నర. ఒక దఫా ఆరేడు పాటలకు మించి వినకండి. ఇవి ఒక్కోటి ఒక రికార్డు వైపుగా, చాలావరకు మూడు నిమిషాల లోపు ముగిసేలా తయారైనవి. 28 పాటలు వరసగా వినమని ఎవరూ ఉద్దేశించలేదు.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్, ఈ ఎల్పీలు పంపాడు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే నడుపుతున్నాను. పాట సాగదీసినట్టు, గొంతు బొంగురుగా వస్తోంది. బెల్టు మార్చినా అంతే. — ఒక పాఠకుడు, నంగనల్లూర్

జవాబు: బెల్టు తప్పు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాత టర్న్‌టేబుళ్ళలో ఏసీ సింక్రనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి తిరుగుతుంది. కాబట్టి మీ పళ్ళెం ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతోంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 దగ్గర ఆగుతోంది. శ్రుతి దాదాపు మూడు అర్ధస్వరాలు పడిపోతుంది, ఆరున్నర కట్టై పాట ఐదులో వినిపిస్తుంది. మీ ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ ఉంటే 'జానీ బి. గుడ్' పెట్టి అక్కడే తేల్చుకోవచ్చు.

యాప్ లేకపోయినా లెక్కపెట్టొచ్చు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు మీద ముల్లు మోపి, మూడు నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. ముల్లు మోపకుండా లెక్కపెడితే ఫలితం సరిగా రాదు. సరైన వేగానికి 100 చుట్లు. 83 వస్తే ఫ్రీక్వెన్సీయే కారణం. 97, 98 వస్తే బెల్టు జారడమో, బేరింగులో నూనె ఎండడమో అన్నమాట. స్ట్రోబ్ డిస్కు (వేగం సరిచూసే గీతల బిళ్ళ) వాడితే 50 హెర్ట్జ్ వరస చూడాలి, 33⅓కు ఆ వరసలో 180 గీతలుంటాయి. 60 హెర్ట్జ్ వరసలో 216. అమెరికాలో అచ్చయిన డిస్కులో 216 గీతల వరస ఒక్కటే ఉండొచ్చు, అది ఇక్కడి దీపం కింద తప్పుదోవ పట్టిస్తుంది. చాలా ఎల్ఈడీ బల్బుల కింద గీతలు నిలబడి కనిపించవు, పాత ఫిలమెంట్ బల్బో చోక్ ఉన్న ట్యూబ్‌లైటో కావాలి.

సరిచేయడానికి మోటారు ఇరుసు మీది పుల్లీ మార్చాలి. 50 హెర్ట్జ్ పుల్లీ వ్యాసం పాతదానికి 1.2 రెట్లు ఉంటుంది. ముందు మీ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే లేత్ పనివాడి చేత ఇత్తడితో చేయించొచ్చు. రంధ్రం ఇరుసుకు బిగుతుగా, నడిమధ్యలో పడాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా పియానో స్వరం వణుకుతుంది. పాత పుల్లీని ఇచ్చి, 33, 45 మెట్లు రెండూ కొలిపించి, ఒక్కోదాన్ని 1.2తో హెచ్చవేయమనండి. పుల్లీ పెద్దదయ్యాక బెల్టు కాస్త బిగుస్తుంది, సాధారణంగా ఇబ్బంది రాదు. డీసీ మోటారు, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ ఉన్నవాటికి ఈ బాధ లేదు. వాటికి ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎప్పుడూ తీయకండి. 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే మోటారు కాలిపోతుంది.

ప్రశ్న: అటక మీద నాన్నగారి రికార్డుల పెట్టె దొరికింది. ఎల్పీలతో పాటు బరువైన 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) కూడా ఉన్నాయి. అన్నిటికీ తెల్లటి బూజు. స్పిరిట్‌తో తుడవొచ్చా? — ఒక పాఠకుడు, పెరంబూర్

జవాబు: 78లకు స్పిరిట్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. ఒక్క తుడుపుకే గాడి పాడవుతుంది. మన దేశంలో 1960లలో కూడా 78లు అచ్చయ్యాయి కాబట్టి రాక్ అండ్ రోల్ పాటలు కూడా వాటి మీద దొరికే అవకాశం ఉంది. ముందు రెండు రకాలనూ వేరు చేయండి.

బూజు దులపడం బాల్కనీలో, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో. ఫ్యాను కింద వద్దు, బూజు గింజలు ఇల్లంతా పరుచుకుంటాయి. ఎల్పీలకు ఒక లీటరు ద్రావణం కలుపుకోండి: డిస్టిల్డ్ వాటర్ 800 మిల్లీలీటర్లు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే ద్రవం 3 చుక్కలు. ఆల్కహాల్ ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణాల్లో అడగండి, రిచీ స్ట్రీట్‌లో వెతకొచ్చు. 78లకు ఆల్కహాల్ లేకుండా నీళ్ళు, 3 చుక్కల ద్రవం మాత్రమే. కుళాయి నీళ్ళు వద్దు, చెన్నై బోరు నీటి ఉప్పు గాడిలో ఎండి చిటపటగా మారుతుంది.

లేబుల్ మీద ప్లాస్టిక్ మూత లాంటిది బోర్లించి, ద్రావణం చల్లి, ఎల్పీ అయితే రెండు నిమిషాలు నాననివ్వండి. లక్క రికార్డును నానబెట్టకండి, వెంటనే తుడవండి. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగే దిశలోనే తుడవాలి, అడ్డంగా కాదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. చాలామంది ఈ రెండో కడుగుడు మానేస్తారు. అప్పుడు సబ్బు పొర గాడిలో మిగిలి ముల్లుకు జిగురులా పట్టుకుంటుంది. ప్లేట్ల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరబెట్టండి. మన గాలిలో తేమ ఎక్కువ, రెండు గంటలు పట్టొచ్చు. ఎండలో పెడితే వంకర పోతాయి, అగ్నినక్షత్రం (నడి వేసవి) రోజుల్లో అయితే నిమిషాల్లో.

బూజు పట్టిన లోపలి కాగితపు సంచులు పారేయండి, శుభ్రం చేసిన రికార్డును మళ్ళీ అందులోనే పెడితే పడ్డ శ్రమంతా వృథా. పైన తొడిగే మెత్తటి పీవీసీ కవర్లు మన వేడికి రికార్డును అంటుకుని పొగమంచులాంటి మచ్చ వేస్తాయి, అది పోదు. పాలిథీన్ కవర్లు మంచివి. పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేయకండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి రంగు మారినప్పుడు వేడి చేసి మళ్ళీ వాడండి. రికార్డులు నిలువుగా ఉంచాలి. అటక మీద వద్దు, అక్కడి వేడే మొదటి శత్రువు.

మోగించే ముందు ముల్లు చూసుకోండి. 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) ముల్లు కావాలి. ఎల్పీకి 0.7 నుంచి 1 మిల్. ఎల్పీ ముల్లుతో 78 మోగిస్తే అది గాడి అడుగున దొర్లుతూ చెత్తనంతా వినిపిస్తుంది. 78 ముల్లుతో ఎల్పీ మోగిస్తే ఎల్పీ పోతుంది. పాత సరుకు ఏదైనా కావాలంటే సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళం వైపు చూడండి. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక పాత సరుకు దుకాణాలు అటు మారాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, అకౌస్టిక్ గిటార్ ఉంది. 'జానీ బి. గుడ్' వాయించాలని పట్టు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక తల్లి, కోడంబాక్కం

జవాబు: అసలు పాట బి-ఫ్లాట్‌లో ఉంది. ఆ శ్రుతిలో కింది తీగల ఊపు వాయించాలంటే ఆరో తీగ 6వ ఫ్రెట్ నుంచి ఐదో తీగ 10వ ఫ్రెట్ దాకా వేళ్ళు చాపాలి. పద్నాలుగేళ్ళ చేతికి నొప్పి పుడుతుంది, మణికట్టు బిగుసుకుంటుంది. కాబట్టి మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) బిగించి ఎ శ్రుతి వేళ్ళతో వాయించమనండి. శబ్దం అసలు పాట శ్రుతిలోనే వస్తుంది.

ఐదో తీగ ఖాళీగా, నాలుగో తీగ 2వ ఫ్రెట్ రెండు సార్లు, 4వ ఫ్రెట్ రెండు సార్లు. ఇది షడ్జం. అదే పని నాలుగు, మూడు తీగల మీద చేస్తే మధ్యమం. ఆరు, ఐదు తీగల మీద చేస్తే పంచమం. ఫ్రెట్లు కేపో నుంచి లెక్కపెట్టాలి. మీటులన్నీ పైనుంచి కిందికే. మెట్రోనోమ్ (లయ కొట్టే సాధనం) నిమిషానికి 90 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, పన్నెండు బార్లు తప్పు లేకుండా మూడు సార్లు వచ్చాకే 5 పెంచాలి. 168కి చేరడానికి నెలలు పట్టినా సరే. తొందరపడితే రెండో మీటు చిన్నదైపోయి నడక కుంటుతుంది.

పై తీగల పనికి చూపుడువేలు ఒకటి, రెండు తీగల మీద 5వ ఫ్రెట్ దగ్గర అడ్డంగా పరచాలి. మూడో తీగ 7వ ఫ్రెట్‌ను లాగి రెండో తీగ 5వ ఫ్రెట్ స్వరంతో కలపడం చక్ బెర్రీ ముద్ర. ఇక్కడే మీ వాడి గిటార్ మొరాయిస్తుంది. అకౌస్టిక్‌లో మూడో తీగకు చుట్టు ఉంటుంది, లాగితే పూర్తి స్వరం ఎక్కదు, వేలు కోసుకుంటుంది. లాగడం బదులు 7 నుంచి 9కి జారమనండి. ఎలక్ట్రిక్ గిటార్ వచ్చిన రోజు లాగడం నేర్చుకోవచ్చు. అన్నట్టు, ఆ ఆరంభపు గిటార్ వరసకు మూలం 1946లో లూయీ జోర్డన్ బృందంలో కార్ల్ హోగన్ వాయించినది. రెండూ పక్కపక్కన వినిపించండి, ఒకరి నుంచి తీసుకుని తనదిగా చేసుకోవడం అంటే ఏమిటో పిల్లవాడికి పాఠంలా తెలుస్తుంది.

ప్రశ్న: మా పాత రికార్డు లేబుల్ మీద 'మేబెలీన్' రచయితలుగా మూడు పేర్లున్నాయి. కొత్త సీడీలో చక్ బెర్రీ పేరు ఒక్కటే ఉంది. ఏది తప్పు? — ఒక పాఠకుడు, అణ్ణానగర్

జవాబు: పాట రాసింది చక్ బెర్రీ ఒక్కరే. 'ఐడా రెడ్' అనే పాత పల్లె పాట వరస నుంచి దాన్ని కట్టుకున్నారు. 1955లో రికార్డు వచ్చినప్పుడు రేడియోలో పాటలు వేసే అలన్ ఫ్రీడ్, రస్ ఫ్రాటో అనే ఇంకొకరి పేర్లు కూడా రచయితలుగా చేర్చారు. రేడియోలో పాట మోగాలంటే ఆ రోజుల్లో ఇలాంటి వాటాలు ఇచ్చుకునేవారు. రాబడిలో మూడింట రెండు వంతులు రాయనివాళ్ళకు పోయేవి. పూర్తి హక్కు ఆయనకు తిరిగి వచ్చింది 1986లో. మీ లేబుల్ మీద మూడు పేర్లుంటే అది చాలావరకు అంతకు ముందు అచ్చయిన రికార్డే.